పుట్టిన బిడ్డకు తొలి 28 రోజులు: ఇంట్లో ఏం చూడాలి, ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

పెద్దపిల్లలకు ఒంట్లో బాగాలేకపోతే ఏడుస్తారు, ఒళ్లు కాలుతుంది, ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. నెలలోపు బిడ్డ అలా కాదు. జబ్బు చేస్తే చాలాసార్లు ఏడుపు తగ్గిపోతుంది, పాలు తాగదు, ఎప్పుడు చూసినా పడుకునే ఉంటుంది. 'ఎంత బుద్ధిగా నిద్రపోతున్నాడో' అని అవ్వలు మురిసిపోతారు. ఆ మురిపెంలోనే ఒక పూట గడిచిపోతుంది. పసిబిడ్డ విషయంలో ఒక పూట అంటే చాలా ఎక్కువ.

తిరుపతిలో పసిబిడ్డల వార్డులో పనిచేస్తున్నదాన్ని. ఆసుపత్రికి వచ్చే కుటుంబాల్లో బిడ్డమీద ప్రేమ తక్కువైనవాళ్లు నాకు కనిపించలేదు. దేన్ని వదిలేయొచ్చు, దేనికి పరుగెత్తాలి అన్నది తెలియక కంగారు పడేవాళ్లే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. చదివేటప్పుడు ఒక్క ప్రశ్న మాత్రం మనసులో పెట్టుకోండి: బిడ్డ పాలు ఎలా తాగుతోంది? తుమ్మైనా, కక్కైనా, పసుపు రంగైనా, ఏ సమస్య కనిపించినా ముందు ఈ ప్రశ్నకు జవాబు చూసుకోండి.

మొదటి మెట్టు: ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు

డిశ్చార్జి రోజు అందరి మనసూ ఇంటిమీదే ఉంటుంది. మంచి ఘడియ దాటిపోతుందని తొందర. అయినా ఒక పది నిమిషాలు నిలబడి కొన్ని విషయాలు అడిగి తెలుసుకోండి.

బిడ్డ పుట్టినప్పటి బరువెంత, ఇవాళ్టి బరువెంత అన్నవి రెండూ కార్డులో రాయించుకోండి. తొలి రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే. పదిశాతం దాటి తగ్గితే మాత్రం పాలు సరిపోవడం లేదేమో చూడాలి. 10 నుంచి 14 రోజులకల్లా పుట్టినప్పటి బరువు మళ్లీ రావాలి. ఆ తర్వాత రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది.

పుట్టగానే ఇవ్వాల్సిన విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారా, బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా వేశారా అని అడగండి. హెపటైటిస్ బి మొదటి డోసు 24 గంటల్లోపే పడాలి. బిడ్డ మొదటి 24 గంటల్లో నల్లటి మలం, 48 గంటల్లో మూత్రం పోసిందో లేదో చెప్పండి, పోయకపోతే ఇంటికి తీసుకెళ్లకండి. తల్లి బ్లడ్ గ్రూపు ఓ అయినా, నెగటివ్ అయినా బిడ్డ గ్రూపు కూడా తెలుసుకోండి, కామెర్ల దగ్గర ఇది అవసరమవుతుంది. థైరాయిడ్ పరీక్ష చేశారా అని కూడా అడగండి. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. తొలి వారాల్లోనే మందు మొదలుపెడితే బుద్ధి ఎదుగుదల దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు. మన రాయలసీమలో మేనరికాలు ఎక్కువ. దగ్గరి సంబంధం చేసుకున్నవాళ్లు, ముందు ఒక బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ప్రభుత్వ ఆసుపత్రిలో పురుడైతే ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఉంటుంది, నంబరు 102.

రెండో మెట్టు: పాలు

పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. సిజేరియన్ అయినా అంతే, తల్లికి తెలివి ఉంటే పక్కన ఒకరు పట్టుకుని పట్టించవచ్చు. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చే చిక్కటి పసుపు పాలను ముర్రుపాలంటాం. అవి చెంచాడే రావచ్చు, భయపడకండి. తొలిరోజు బిడ్డ పొట్టకు అంతకంటే ఎక్కువ పట్టదు. 'ఇంకా పాలు పడలేదు' అని పంచదార నీళ్లో, డబ్బా పాలో పట్టిస్తే బిడ్డ ఆకలి తీరిపోతుంది, రొమ్ము చీకదు. చీకకపోతే పాలు పడవు. అలా మొదలైన డబ్బా పాలు చాలా ఇళ్లలో ఆగడం లేదు.

పట్టించే తీరు దగ్గరగా చూద్దాం. బిడ్డ తల, వీపు ఒకే వరుసలో, కడుపు తల్లి కడుపుకు ఆని ఉండాలి. బిడ్డ పై పెదవికి చనుమొనను తాకిస్తే నోరు పెద్దగా తెరుస్తుంది. అప్పుడు బిడ్డను రొమ్ము దగ్గరికి తేవాలి తప్ప తల్లి వంగకూడదు. చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా ఎక్కువగా నోట్లోకి పోవాలి. కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. బుగ్గలు లోపలికి పీల్చుకుపోకూడదు. నాలుగైదు చీకుడులకు ఒకసారి గుటక శబ్దం వినిపిస్తుంది. నొప్పి ఉందంటే పట్టు సరిగా లేదని అర్థం. చిటికెన వేలు బిడ్డ నోటి మూలన పెట్టి మెల్లగా విడిపించి మళ్లీ పట్టించండి. పగుళ్లు చాలావరకు సరిగా పట్టకపోవడం వల్లే వస్తాయి.

రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పట్టించాలి. మూడు గంటలు దాటి పడుకుంటే లేపి పట్టండి. లేవకపోతే బట్ట తీసి, అరికాలు మెల్లగా నిమిరి చూడండి. అప్పటికీ లేచి తాగకపోతే అది నిద్ర కాదు, ఆసుపత్రికి బయలుదేరండి.

పాలు సరిపోతున్నాయా అన్న టెన్షన్ ప్రతి తల్లికీ ఉంటుంది. రొమ్ము బరువును చూసో, బిడ్డ ఏడుపును చూసో చెప్పలేం. తడిబట్టలు లెక్కపెట్టండి. అయిదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు, రంగు లేని మూత్రం పోయాలి. మలం నాలుగైదు రోజులకల్లా నలుపు నుంచి పసుపుకు మారాలి. రొమ్ముపాలు తాగే బిడ్డ పాలు తాగినప్పుడల్లా పలచగా, ఆవాలు రుబ్బినట్టు పోతే అది విరేచనాలు కాదు. మొదటి రెండు మూడు రోజుల్లో బట్టమీద ఇటుకరంగు మరక కనిపించవచ్చు, అది రక్తం కాదు. ఆ తర్వాత కూడా వస్తుంటే పాలు తక్కువవుతున్నాయని అనుమానించాలి.

బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చే పద్ధతి మన వైపు ఇంకా ఉంది. నీళ్లు తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని చెబుతారు. తల్లి తాగే నీళ్లకూ బిడ్డ జలుబుకూ సంబంధం లేదు. పాలిచ్చేటప్పుడల్లా తల్లికి ఒక గ్లాసు నీళ్లు అందించండి. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు అన్నీ పెట్టండి. పత్యం పేరుతో కడుపు మాడ్చిన తల్లి ఎంతసేపు ఓపిక పట్టి పాలివ్వగలదు? బిడ్డకు మాత్రం ఆరు నెలలదాకా చుక్క నీరు అక్కర్లేదు, మే నెల ఎండల్లో కూడా.

వీటికి తోడు విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు రాస్తారు. బజారులో ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లు ఉండేవి, 800 ఉండేవి రెండు రకాలూ దొరుకుతాయి. సీసా మారినప్పుడల్లా కొలత అడిగి వేయండి.

మూడో మెట్టు: వెచ్చదనం

బిడ్డ ఒంటి వేడి చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మందులషాపులో దొరికే డిజిటల్ థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. అది లేకపోయినా చేయి చాలు. మీ చేతి వెనుక వైపుతో ముందు బిడ్డ పొట్ట, తర్వాత పాదం తాకండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి పడుతోంది. రెండూ చల్లబడితే ప్రమాదం. వెంటనే బట్టలు తీసి తల్లి ఛాతీమీద ఒంటికి ఒళ్లు ఆనేలా పెట్టుకుని, పైన దుప్పటి కప్పి, పాలు పట్టిస్తూ ఆసుపత్రికి బయలుదేరాలి.

పలమనేరు, కుప్పం వైపు డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున బాగా చలి ఉంటుంది. అక్కడ టోపీ, సాక్సు, రెండు మూడు పొరల నూలుబట్టలు కావాలి. తిరుపతి ఎండాకాలంలో సంగతి వేరు. 40 డిగ్రీలు దాటే రోజుల్లో కూడా బిడ్డను ఉన్ని శాలువలో చుట్టి, కిటికీలు మూసి, ఫ్యాను ఆపేస్తారు. మూడో రోజో నాలుగో రోజో ఒళ్లు కాలుతోందని పరుగెత్తుకొస్తారు. అలా అనిపిస్తే పొరలు తీసి, గాలి ఆడేచోట పడుకోబెట్టి, పాలు పట్టి, అరగంట తర్వాత మళ్లీ కొలవండి. వేడి దిగితే అది బట్టల వేడే. 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4, లేదా అంతకుమించి ఉంటే జ్వరం. ఇంట్లో పారాసిటమాల్ చుక్కలు వేసి చూద్దాం అనుకోకండి. నెలలోపు బిడ్డకు జ్వరం అంటే రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందేమో అని పరీక్ష చేయాల్సిందే. ఫ్యాను వేసుకోవచ్చు, ఏసీ కూడా వేసుకోవచ్చు, గాలి నేరుగా బిడ్డమీద పడకూడదు, అంతే.

ఇంకొక మాట. పాత చీరల ముక్కలు బిడ్డకు చాలా మంచివి, మెత్తగా ఉంటాయి. పెట్టెలో కలరా ఉండలు వేసి దాచినవైతే మాత్రం వాడొద్దు. కొందరు బిడ్డలకు పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. అలాంటి బిడ్డకు ఆ వాసన తగిలినా ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయి.

నాలుగో మెట్టు: కామెర్లు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది దీని దగ్గరే.

నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో సుమారు 60 శాతం మందికి, నెలలు నిండని వారిలో సుమారు 80 శాతం మందికి తొలివారంలో ఒళ్లు పసుపుబారుతుంది. పుట్టిన తర్వాత ఎర్ర రక్తకణాలు ఎక్కువగా చితుకుతాయి, వాటినుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. దాన్ని బయటికి పంపేంత శక్తి పసికాలేయానికి ఇంకా రాలేదు. అందుకే రెండు, మూడు రోజుల్లో మొదలై, మూడు నుంచి అయిదు రోజుల మధ్య ఎక్కువై, ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. పెద్దవాళ్లకు వచ్చే పచ్చకామెర్లకూ దీనికీ పోలిక లేదు. కాబట్టి వాటికి ఇచ్చే నేలఉసిరి పసరు, ఆకుమందు దీనికి పనిచేయవు. తల్లి తినే తిండిలో పసుపు, పప్పు మానేసినా ఉపయోగం లేదు.

ఇంట్లో చూసే పద్ధతి ఇది. పగటిపూట, బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకురండి. ట్యూబ్‌లైటు వెలుగులో రంగు తెలియదు, పసుపు పచ్చ గోడలున్న గదిలోనూ తెలియదు. చూపుడు వేలితో ముక్కు కొనమీద రెండు క్షణాలు నొక్కి వదలండి. వేలు తీసిన చోట చర్మం తెల్లగా కనిపించాలి, పసుపుగా కనిపిస్తే కామెర్లున్నట్టే. అలాగే నుదురు, ఛాతీ, పొట్ట, తొడ, చివరికి అరచేయి, అరికాలు నొక్కి చూడండి. పసుపు తలనుంచి కిందికి దిగుతుంది. ఎంత కిందికి దిగితే అంత ఎక్కువన్నమాట. అరికాళ్లు పసుపుబారితే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. చామనఛాయ బిడ్డల్లో చర్మం రంగు మోసం చేయవచ్చు, అందుకే చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు కూడా చూడండి. కంటితో చూసి 'తక్కువే' అని తేల్చుకోకండి, అనుమానముంటే రక్తపరీక్షే ఖాయం చేస్తుంది.

పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపిస్తే అది ఎప్పుడూ మామూలు కాదు. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయినప్పుడు, తల్లి ఓ గ్రూపు, బిడ్డ ఎ లేదా బి అయినప్పుడు ఇలా జరుగుతుంది. అలాగే బిడ్డ మగతగా ఉండి పాలు మానేసినా, కీచుమని వింతగా ఏడ్చినా, వెనక్కి విల్లులా వంగినా ఒక్క నిమిషం ఆగకూడదు. బిలిరుబిన్ మితిమీరితే మెదడులోకి దిగి వినికిడి పోవచ్చు, కాళ్లూచేతులూ బిగుసుకుపోవచ్చు. ఒకసారి జరిగిన ఆ నష్టాన్ని ఏ వైద్యమూ వెనక్కి తేలేదు. వేళకు వస్తే తప్పించడం మాత్రం చాలా సులువు.

ఆ వైద్యం నీలి వెలుగు. బిడ్డ కళ్లకు గంతలు కట్టి దీపం కింద పడుకోబెడతారు. ఆ వెలుగు చర్మంలోని బిలిరుబిన్ రూపాన్ని మార్చి, మలమూత్రాల్లో బయటికి పోయేలా చేస్తుంది. 'మా బిడ్డను బల్బు కింద కాలుస్తున్నారు' అని ఏడ్చే తల్లులను చూస్తుంటాను. అమ్మా, అది వేడి కోసం పెట్టిన బల్బు కాదు, వెలుగు కోసం పెట్టింది. మధ్యమధ్యలో తీసి మీరు పాలివ్వచ్చు, ఇవ్వాలి కూడా. పాలు ఎక్కువ తాగితే మలం ఎక్కువ పోతుంది, పసుపు దాంతోనే పోతుంది.

పొద్దున ఎండలో పెట్టడం చికిత్స కాదు. అందులో కావాల్సిన వెలుగు సరిపడా, కొలతగా అందదు. బట్టలు తీసి ఎండలో ఉంచితే బిడ్డ చల్లబడుతుంది, లేదా కమిలిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, 'ఎండ చూపిస్తున్నాంలే' అన్న ధీమాతో రెండు రోజులు పోతాయి. ఇక కామెర్లకని చేతిమీద, పొట్టమీద వాతలు పెట్టించడం, ముక్కులో, కళ్లలో పసరు పిండడం ఇంకా అక్కడక్కడా జరుగుతోంది. బిడ్డకు కాలిన పుండు తప్ప మరేమీ మిగలదు. ఎవరు ఎంత పెద్దమనిషి చెప్పినా ఒప్పుకోకండి.

14 రోజులు దాటినా పసుపు తగ్గకపోతే, నెలలు నిండని బిడ్డకైతే 21 రోజులు, మళ్లీ పరీక్ష చేయించండి. అప్పుడు మలం రంగు ముఖ్యం. మలం తెల్లగా, సుద్దరంగులో పోతూ మూత్రం బట్టకు పసుపు మరక వేస్తుంటే పైత్యరసం దారి మూసుకుపోయి ఉండవచ్చు. దానికి ఆపరేషన్ ఉంది, 60 రోజుల్లోపు చేస్తేనే బాగా ఫలిస్తుంది. మలం రంగు అనుమానంగా ఉంటే బట్టనే మడిచి డాక్టరుకు చూపించండి, ఫోటోలో రంగు మారిపోతుంది.

అయిదో మెట్టు: బొడ్డు, కన్ను, చర్మం

బొడ్డుకు ఏమీ రాయకపోవడమే వైద్యం. పసుపు, బూడిద, ఆముదం, పౌడరు, కుంకుమ ఏదీ వద్దు. తుండు ఆరి, సాధారణంగా 5 నుంచి 15 రోజుల్లో అదే రాలుతుంది. లంగోటా దాని కిందికి కట్టండి. రాలినప్పుడు రెండు చుక్కల రక్తం పర్వాలేదు. చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము, వాసన వచ్చినా, రక్తం ఆగకపోయినా చూపించాలి.

కంట్లో కొద్దిగా పుసి మాత్రమే ఉండి కన్ను తెల్లగా ఉంటే, కన్నీటి గొట్టం ఇంకా తెరుచుకోలేదని అర్థం కావచ్చు. కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన శుభ్రమైన దూదితో, ఒక కంటికి ఒకటి చొప్పున తుడవండి. రెప్పలు వాచి చీము కారితే అదే రోజు డాక్టరు దగ్గరికి. కాటుక కంట్లో పెట్టొద్దు, కొన్నింట్లో సీసం ఉంటుంది, ఇంట్లో చేసిందైతే మసి, పెట్టే వేలి మురికి. దిష్టి భయం ఉంటే అరికాల్లో చుక్క పెట్టండి.

కంగారు అక్కర్లేనివి కొన్ని: రెండో రోజు ఒంటిమీద వచ్చే ఎర్రటి దద్దుర్లు, ముక్కుమీద తెల్లటి చుక్కలు, నడుము కింద నీలిరంగు మచ్చ, మూడో రోజు తర్వాత చర్మం పొట్టు రాలడం, ఆడబిడ్డకు తొలివారంలో రెండు చుక్కల రక్తస్రావం. మగైనా, ఆడైనా బిడ్డ రొమ్ములు గడ్డకట్టి పాలు రావచ్చు, తల్లి హార్మోన్ల ప్రభావం అది. వాటిని పిండితే చీముగడ్డ అవుతుంది. దయచేసి ఎవరినీ పిండనివ్వకండి. చీముతో నిండిన పొక్కులు పదీ, అంతకన్నా ఎక్కువో కనిపిస్తే మాత్రం చూపించాలి.

ఆరో మెట్టు: నీళ్లు పోయడం

మొదటి 24 గంటలు స్నానం వద్దు. ఒంటిమీది తెల్లటి జిగురును రుద్ది తీయొద్దు. రెండున్నర కిలోలకన్నా తక్కువ ఉన్న బిడ్డకు బరువు పెరిగేదాకా తడిబట్టతో తుడవడమే.

కాళ్లు చాపి, బిడ్డను కాళ్లమీద బోర్లా వేసుకుని నీళ్లు పోసే అవ్వ చేయి నాకు ఇష్టం. ఆ పద్ధతి మానక్కర్లేదు, అందులో కొన్ని మార్చుకుంటే చాలు. నీళ్లు మోచేతికి గోరువెచ్చగా తగలాలి, ఆవిరి పొంగే నీళ్లు వద్దు. మొహంమీద ధారగా పోయొద్దు. ముక్కును నొక్కి, తలను పిసికి అందంగా చేయాలని చూడొద్దు, ఎముకలు వాటంతట అవే సర్దుకుంటాయి. గొంతులోకి వేలు పెట్టి కఫం తీయడం, చెవిలో, ముక్కులో నోటితో ఊదడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం పూర్తిగా మానేయాలి. మాడుమీద ఆముదం తట్టడం వల్ల అది పూడదు. ఏడాది, ఏడాదిన్నరకు తనంతట తానే మూసుకుంటుంది. సున్నిపిండి, శనగపిండి పసిచర్మానికి గరుకు, కొన్నాళ్లు ఆగండి. కొబ్బరినూనెతో మెత్తగా మర్దన చేయండి, ముక్కులో, చెవిలో నూనె చుక్క వేయకండి. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా.

సాంబ్రాణి పొగ గురించి గట్టిగా చెప్పాలి. జల్లెడ బోర్లించి, పొగమీద బిడ్డను పడుకోబెడితే వాసన బాగుంటుంది, నిజమే. పొగ మాత్రం ఆ చిన్న ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఇల్లంతా వేసుకోవాలనుకుంటే బిడ్డను వేరే గదిలో ఉంచి వేసి, పొగ పోయాక తీసుకురండి. అదే ఇంట్లో సిగరెట్టు, బీడీ తాగే మనిషి ఉంటే సాంబ్రాణిని తిట్టి లాభం లేదు.

నోట్లో వేసే వాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. వసకొమ్ము అరగదీసి నాకించడం, తేనె, ఆముదం, ఉగ్గు, గ్రైప్ వాటర్, ఏదీ వద్దు. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలే వద్దు, అందులోని క్రిములు పసిపేగులో చేరి కండరాలను పడగొట్టే విషం తయారుచేయగలవు.

ఏడో మెట్టు: ఊపిరి లెక్క

ఇది ప్రతి ఇంట్లో ఒకరికైనా రావాలి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు, లేదా ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తండి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క సరిగా రాదు. సెల్‌ఫోనులో ఒక నిమిషం టైమర్ పెట్టి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయకండి, ఎందుకంటే పసిబిడ్డ ఊపిరి వరుస తప్పుతూ ఉంటుంది. కాసేపు గబగబా తీసుకుని అయిదారు సెకన్లు ఆగి మళ్లీ తీసుకోవడం మామూలే. 60 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మరోసారి లెక్కించండి. రెండోసారీ అంతే వస్తే ఆసుపత్రికి.

లెక్కతోపాటు తీరు కూడా చూడండి. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతోందా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, మూలుగు వినిపిస్తోందా? నాలుక, పెదవులు నీలంగా ఉన్నాయా? అరచేతులు, పాదాలు కాస్త నీలంగా ఉంటే తొలిరోజుల్లో భయం లేదు, నాలుక నీలమైతే ఉంది. పాలు తాగుతూ నుదుటిమీద చెమట పట్టి, మధ్యలో ఆయాసపడి ఆపేసే బిడ్డకు గుండె పరీక్ష చేయించాలి. టీటీడీ తిరుపతిలో 2021లో ప్రారంభించిన శ్రీ పద్మావతి హృదయాలయంలో చిన్నపిల్లల గుండె ఆపరేషన్లు చేస్తున్నారు, దూరప్రాంతాలకు వెళ్లాల్సిన పని చాలామందికి తగ్గింది.

ముక్కు గురగురమంటూ పాలు తాగగలుగుతుంటే అది జలుబు కానక్కర్లేదు. పాలిచ్చే ముందు ముక్కులో సెలైన్ చుక్క వేస్తే చాలు. తుమ్ములు, ఎక్కిళ్లు మామూలే. తాగాక కొద్దిగా కక్కితే భుజంమీద వేసుకుని త్రేన్పు తెప్పించండి. ఆకుపచ్చ రంగు వాంతి అయితే పేగు మెలిపడి ఉండవచ్చు, అది గంటల లెక్కన కూడా ఆగని అత్యవసరం. రెండు మూడు వారాల వయసునుంచి సాయంత్రాలు బిగ్గరగా, కారణం లేకుండా ఏడ్చే బిడ్డ పాలు బాగా తాగుతూ బరువు పెరుగుతుంటే ఆ ఏడుపు నాలుగు నెలలలోపు తగ్గిపోతుంది. అంతదాకా ఎత్తుకుని తిరగడమే. ఎత్తుకున్నవాళ్లకు విసుగొస్తే బిడ్డను మరొకరికి ఇవ్వండి, ఎంత కోపమొచ్చినా కుదపొద్దు.

ఎనిమిదో మెట్టు: ఎప్పుడు బయలుదేరాలి, ఎలా తీసుకెళ్లాలి

ఈ కిందివాటిలో ఒక్కటున్నా, పగలైనా రాత్రైనా, అమావాస్యైనా బయలుదేరండి:

- పాలు తాగడం మానేసింది, లేదా బాగా తగ్గించింది
- లేపితే తప్ప కదలడం లేదు, ఒళ్లు వేలాడేసింది
- మూర్ఛ (కళ్లు ఒకవైపు నిలిచిపోవడం, పెదవులు చప్పరిస్తూ ఉండడం, కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించడం కూడా మూర్ఛే కావచ్చు)
- నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి, పక్కటెముకల కింద గుంట, 20 సెకన్లు దాటి ఊపిరి ఆగడం
- 38 డిగ్రీలు లేదా ఆపైన జ్వరం, లేదా ఒళ్లు చల్లబడడం
- తొలిరోజే కామెర్లు, అరికాళ్లదాకా పసుపు
- ఆకుపచ్చ వాంతి, పొట్ట ఉబ్బరం, మలంలో రక్తం
- మాడు ఉబికి ఉండడం, లేదా లోపలికి పోవడం

చేయో కాలో వణుకుతుంటే మీ చేత్తో మెల్లగా పట్టుకోండి. ఆగిపోతే ఉత్త వణుకు, పట్టుకున్నా లోపల కొట్టుకుంటూనే ఉంటే మూర్ఛ. వణుకైనా తరచూ వస్తే రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి.

ఏ ఆసుపత్రిలో పసిబిడ్డల ప్రత్యేక విభాగం ఉందో కాన్పుకు ముందే ఆశా కార్యకర్తను అడిగి పెట్టుకోండి. తిరుపతి వాళ్లకు రుయా, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు జిల్లా ప్రధాన ఆసుపత్రి ఉంది, వేలూరు సీఎంసీకి వెళ్లేవాళ్లూ ఎక్కువే. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుచేసిన పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, రాకపోకలు ఉచితం. డబ్బు సర్దుకునేదాకా ఆగాల్సిన పని లేదు, 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డ చల్లబడడమే పెద్ద ప్రమాదం. టోపీ పెట్టి, తల్లి ఛాతీమీద ఒంటికి ఆనించి, పైన కప్పండి. తాగగలిగితే పాలివ్వండి. కార్డు, డిశ్చార్జి కాగితాలు, తల్లి బ్లడ్ గ్రూపు చీటీ సంచిలో వేసుకోండి. తల్లి తప్పకుండా వెంట ఉండాలి, ఆమె పాలే మందుల్లో మొదటిది.

బరువు తక్కువ బిడ్డ ఇంట్లో ఉంటే

రెండున్నర కిలోలలోపు పుట్టిన బిడ్డకు కంగారూ పద్ధతి ఉంది. బిడ్డకు టోపీ, లంగోటా మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, కప్పకాళ్లతో పెట్టుకుని, తల ఒక పక్కకు తిప్పి, మెత్తటి చీరతో కట్టుకోవాలి. ఊపిరికి దారి కనిపిస్తూ ఉండాలి. రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే అంతకన్నా ఎక్కువ. తల్లి అలసిపోతే తండ్రి, అత్త, అమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు. చొక్కా విప్పి బిడ్డను ఛాతీమీద పెట్టుకోవడానికి సిగ్గుపడే నాన్నలు మొదటి పూట కుర్చీ అంచున బిగుసుకుని కూర్చుంటారు, రెండో రోజుకు బిడ్డను ఇవ్వమంటే ఇవ్వరు. చీకే శక్తి లేని బిడ్డకు పిండిన పాలు ఉగ్గుగిన్నెతో, కొద్దికొద్దిగా, కూర్చోబెట్టినట్టు పట్టుకుని పట్టాలి. పాలసీసా వద్దు.

తర్వాతి రోజులు

బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి, దిండు, మెత్తటి బొమ్మలు పక్కన పెట్టొద్దు. చూడ్డానికి వచ్చేవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, జలుబున్నవాళ్లు గుమ్మం దగ్గరే ఆగాలి. బిడ్డ మూతిని ముద్దు పెట్టుకోనివ్వకండి. ఎవరైనా నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం ఈ ఒక్క నెల పక్కన పెట్టండి.

కొండకు తీసుకెళ్లాలన్న ఆరాటం మన ఊళ్లో సహజం. ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు టీటీడీ ప్రత్యేక ప్రవేశం ఇస్తోంది కాబట్టి నెలలోపే పరుగెత్తాల్సిన అవసరం లేదు. రద్దీ, కొండమీద చలిగాలి, వేళకు పాలివ్వలేకపోవడం, ఇవన్నీ తగ్గేదాకా, కనీసం ఆరువారాల టీకాలు పడేదాకా ఆగితే మంచిది.

ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. బరువు తూచి, వేడి చూసి, కార్డులో రాస్తుంది. రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి. పుట్టింట్లో పురుడు పోసుకున్నవాళ్లు ఆ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పుకోవాలి, లేదంటే రెండు ఊళ్ల మధ్య బిడ్డ పేరు జారిపోతుంది. ఆరువారాలకు పెంటావాలెంట్, పోలియో చుక్కలు, పోలియో ఇంజెక్షన్, రోటా, న్యుమోకోకల్ టీకాలు పడతాయి. ఆ వేళకే ఎడమ భుజంమీద బీసీజీ వేసిన చోట చిన్న గడ్డలా లేచి, పుండై, మచ్చ పడుతుంది. దానికి మందు రాయకండి, కాపడం పెట్టకండి, అలా రావడమే మామూలు.